పది గ్రాముల నెయ్యికి టన్ను ఆక్సిజన్ - ఇవేం కాకి లెక్కలు?

పది గ్రాముల ఆవు నెయ్యి హోమగుండంలో వేస్తే ఒక టన్ను ఆక్సిజన్ పుడుతుందట! ఈ మాట ఇక్కడ రాయపూర్‌లో హిందీలో వింటుంటాను. ఆంధ్ర నుంచి బంధువులు పంపే మెసేజిలలో అదే మాట తెలుగులో చదువుతుంటాను. కొన్నిటిలో "నాసా నిరూపించింది" అని ఉంటుంది. కొన్నిటిలో "రష్యన్ శాస్త్రవేత్తలు చెప్పారు" అని ఉంటుంది. ఏ శాస్త్రవేత్త, ఏ సంవత్సరం, ఏ పత్రిక అని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. "మీ హేతువాదులకి అన్నిటికీ ఋజువులే కావాలి" అని ఎదురు నిష్టూరం ఆడతారు. అవును, కావాలి. నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో జీవితమంతా పని చేసి రిటైర్ అయినవాణ్ణి. వోచర్ లేని బిల్లు పాస్ చెయ్యడం నాకు చేత కాదు.

"మీరు చదివింది బి.కాం. కదా, కెమిస్ట్రీ గురించి మీకేం తెలుసు?" అని ఒకాయన అన్నాడు. రసాయన సమీకరణం అంటే ట్రయల్ బేలన్సే. ఎడమ వైపు ఎంత బరువు ఉంటే కుడి వైపు కూడా అంతే బరువు ఉండాలి. పదార్థం కొత్తగా పుట్టదు, మాయం అవ్వదు. ఈ నియమాన్ని 1789లో తన పుస్తకంలో స్పష్టంగా వ్రాసిన లవోయిజియే ఫ్రెంచ్ రాజు తరపున పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్వామి, అంటే లెక్కల మనిషి. ఆ పన్నుల వ్యాపారం వల్లే 1794లో అతని తల తీశారు, అది వేరే కథ. తూకం వెయ్యకుండా రసాయన శాస్త్రం లేదని ప్రపంచానికి నేర్పింది ఒక ఖాతాల మనిషి అని చెప్పడానికే ఇది వ్రాసాను.

ఇప్పుడు నెయ్యి ఖాతా తెరుద్దాం. నెయ్యిలో చాలా రకాల కొవ్వులు ఉంటాయి. వాటిలో పామిటిక్ ఆమ్లానిది పెద్ద వాటా. లెక్క సులువుగా ఉండడానికి నెయ్యి మొత్తం ట్రైపామిటిన్ అనుకుందాం. దాని అణువులో 51 కార్బన్, 98 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. అణుభారం 806. ఇది పూర్తిగా కాలితే 51 కార్బన్ డయాక్సైడ్ అణువులు, 49 నీటి అణువులు వస్తాయి. అందుకు గాలి నుంచి 72.5 ఆక్సిజన్ అణువులు కావాలి. అంటే 806 గ్రాముల నెయ్యి 2,320 గ్రాముల ఆక్సిజన్‌ని తినేస్తుంది. పది గ్రాములకి లెక్క కడితే: లోపలికి వెళ్ళింది నెయ్యి 10 గ్రాములు, ఆక్సిజన్ 28.78 గ్రాములు, మొత్తం 38.78. బయటకు వచ్చింది కార్బన్ డయాక్సైడ్ 27.84 గ్రాములు, నీటి ఆవిరి 10.94 గ్రాములు, మొత్తం 38.78. ఖాతా టాలీ అయ్యింది. ఆక్సిజన్ ఖర్చు వైపే ఉంది, జమ వైపు ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు.

టన్ను అంటే పది లక్షల గ్రాములు. పది గ్రాముల సరుకు ఇచ్చి పది లక్షల గ్రాముల సరుకుకి రసీదు వ్రాస్తే, మా ఆఫీసులో అటువంటి స్టోర్‌కీపర్‌ని సస్పెండ్ చేసేవారు. ఇక్కడ మాత్రం అతనికి కాళ్ళు మొక్కుతున్నారు.

2021 ఏప్రిల్‌లో కరోనా రెండవ వేవ్ వచ్చినప్పుడు ఆక్సిజన్ లేక మనుషులు ఆసుపత్రుల గుమ్మాల దగ్గరే చనిపోయారు. అప్పుడు విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లని రైలు ఎక్కించి మహారాష్ట్రకి పంపారు. మా పక్కనున్న భిలాయి ఉక్కు కర్మాగారం కూడా రాష్ట్రాలకు ఆక్సిజన్ పంపింది. గాలిని చల్లబరిచి ద్రవంగా మార్చి, మరిగే ఉష్ణోగ్రతల తేడాని బట్టి నత్రజనినీ ఆక్సిజన్‌నీ వేరు చేసే ప్లాంట్లు అవి. పది గ్రాముల నెయ్యితో టన్ను ఆక్సిజన్ వచ్చేటట్లయితే ఆ రైళ్ళు ఎందుకు? ప్రతి ఆసుపత్రిలో ఒక నేతి గిన్నె, ఒక అగ్గిపెట్టె ఉంటే సరిపోయేది కదా! అదే ఏడాది మే నెలలో మధ్య ప్రదేశ్ మంత్రి ఒకరు యజ్ఞం చేస్తే మూడవ వేవ్ రాదని ప్రకటించారు. ఆవిడ కూడా రోగుల కోసం ప్లాంట్ ఆక్సిజన్‌నే అడిగే పరిస్థితి కానీ నేతి ఆక్సిజన్‌ని అడిగే పరిస్థితి కాదు.

ఆక్సిజన్ లెక్క ఓడిపోతే యజ్ఞవాదులు ఇంకో వాదన తీస్తారు. హోమంలో ఇథిలీన్ ఆక్సైడ్, ప్రొపిలీన్ ఆక్సైడ్ పుడతాయి, అవి క్రిములను చంపుతాయి, వర్షాలు కూడా కురిపిస్తాయి అంటారు. వాళ్ళు ఏమంటున్నారో వాళ్ళకే తెలియదు. ఇథిలీన్ ఆక్సైడ్ క్యాన్సర్ కలిగించే పదార్థం. మన దేశం నుంచి వెళ్ళిన నువ్వులలో దాని అవశేషాలు ఉన్నాయని 2020 చివరి నుంచి యూరప్‌లో ఎన్నో ఆహార పదార్థాలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. హోమంలో నిజంగా ఆ వాయువు పుడితే చుట్టూ కూర్చున్న భక్తుల్ని ముందు బయటకు పంపాలి.

ఇంకొంత చదువుకున్నవాళ్ళు 2007లో లక్నో జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళు ప్రచురించిన పేపర్ చూపిస్తారు. మూసిన గదిలో గంట సేపు హవన సామగ్రి కాల్చితే గాలిలో బాక్టీరియా 94 శాతం తగ్గిందని అందులో ఉంది. ఈ పేపర్ నిజంగానే ఉంది, నాసా కథలాంటిది కాదు. దాన్ని దాచిపెట్టి వాదించవలసిన అవసరం మనకి లేదు. కానీ అది చెప్పినదేమిటి? పొగ బాక్టీరియాని చంపుతుంది. చేపల్నీ మాంసాన్నీ పొగబెట్టి నిల్వ చేసే జాలరులకి ఈ సంగతి వేల ఏళ్ళ నుంచి తెలుసు. చెక్క పొగలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, అది శవాలను కూడా కుళ్ళకుండా ఉంచుతుంది. బాక్టీరియా తగ్గడం వేరు, కాలుష్యం తగ్గడం వేరు. రాయపూర్ గాలిలో సమస్య బాక్టీరియా కాదు, 2.5 మైక్రాన్ల కంటే సన్నని ధూళి కణాలు. ఆ కణాలకి ప్రాణం లేదు కాబట్టి పొగ వాటిని చంపలేదు. పొగ అంటేనే ఆ కణాలు.

2018 మార్చిలో మీరట్‌లో కాలుష్యం తగ్గించడానికని తొమ్మిది రోజుల మహాయజ్ఞం చేసి 500 క్వింటాళ్ళ మామిడి కట్టె కాల్చారు. కిలో కట్టెకి 5 గ్రాముల సన్న కణాలు మాత్రమే వస్తాయనుకున్నా 250 కిలోల కణాలు. మన జాతీయ ప్రమాణం ప్రకారం పి.ఎం. 2.5 ఇరవై నాలుగు గంటల పరిమితి ఘనపు మీటర్‌కి 60 మైక్రోగ్రాములు. ఆ 250 కిలోలు నాలుగు ఘనపు కిలోమీటర్ల స్వచ్ఛమైన గాలిని ఆ పరిమితి దాకా మురికి చెయ్యడానికి సరిపోతాయి. నిజం చెప్పాలంటే కట్టెలోని కార్బన్ కొద్ది ఏళ్ళ క్రితం గాలి నుంచి వచ్చినదే, మళ్ళీ చెట్లు నాటితే వాతావరణ ఖాతాలో అది సర్దుకుంటుంది. ఊపిరితిత్తుల ఖాతాలో సర్దుబాటు ఉండదు.

భోపాల్ కథ ఒకటి ఉంది. ఇక్కడి తెలుగువాళ్ళు కూడా దాన్ని నమ్ముతారు. 1984 డిసెంబర్ 2 రాత్రి మిథైల్ ఐసోసైనేట్ లీక్ అయినప్పుడు అగ్నిహోత్రం చేసే ఒకటి రెండు కుటుంబాలకి ఏమీ అవ్వలేదట. అప్పట్లో మా ఊరు కూడా మధ్య ప్రదేశ్‌లోనే ఉండేది కాబట్టి ఈ కథ ఇక్కడ బాగా పాకింది. ఆ వాయువు గాలి కంటే బరువు. నేలకి దగ్గరగా, గాలి వీచే దిక్కులో పోయింది. అటు వైపు గుడిసెలలో ఉన్నవాళ్ళు చనిపోయారు, గాలి వెళ్ళని వైపు ఉన్నవాళ్ళు పూజ చేసినా చెయ్యకపోయినా బతికారు. ఆ వాయువు నీటితో కలిస్తే మిథైలమిన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అందుకే ముఖానికి తడి గుడ్డ కట్టుకోమని ఆ రాత్రి ఎవరైనా మైకులో చెప్పి ఉంటే ఎన్నో ప్రాణాలు దక్కేవి. చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. దాని గురించి మాట్లాడకుండా అగ్నిహోత్రం గురించి మాట్లాడడమంటే చచ్చిపోయినవాళ్ళదే తప్పు అన్నట్టు. హోమం చేసి కూడా చనిపోయినవాళ్ళెంత మందో ఆ కథ చెప్పేవాళ్ళెవరూ లెక్క పెట్టలేదు. జమ పద్దు ఒక్కటి వ్రాసుకుని ఖర్చు పుస్తకాన్నే చించేస్తే ప్రతి వ్యాపారమూ లాభమే.

ఆవు సంగతి రెండు ముక్కలలో ముగిస్తాను. 2017లో రాజస్థాన్ విద్యా మంత్రి, 2019లో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి, 2021లో అలహాబాద్ హైకోర్ట్ ఉత్తర్వు - ముగ్గురి మాటా ఒకటే, ఆవు ఆక్సిజన్ వదులుతుంది. వదులుతుంది, అబద్ధం కాదు. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే వదిలే గాలిలో 16, 17 శాతం మిగిలి ఉంటుంది. కుక్క, గాడిద, పంది, మంత్రి గారు - అందరూ ఆ మిగిలినది వదులుతారు. నూరు రూపాయలలో ఇరవై ఖర్చు పెట్టి ఎనభై తిరిగి జేబులో పెట్టుకున్నవాణ్ణి దాత అనరు. ఆవు అదనంగా ఇచ్చేది నెమరు వేసేటప్పుడు త్రేన్పుతో వచ్చే మీథేన్. వందేళ్ళ లెక్కన అది బరువుకి బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. తులసి ఓజోన్ ఇస్తుందని ఇంకొకరు. ఓజోన్ ఎక్కడో పైన స్ట్రాటోస్ఫియర్‌లో ఉంటే మేలు, ముక్కు దగ్గర ఉంటే విషం. అది మన జాతీయ ప్రమాణాలలో కాలుష్యాల పట్టికలోనే ఉంది. తులసి పాపం ఏ ఓజోనూ ఇవ్వదు, దాన్ని బద్‌నామ్ చేస్తున్నది భక్తులే.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసే విషయాలైతే ఇంత వ్రాయవలసిన పని లేదు. నేనుండేది పండరీలో. ఇక్కడ బట్టల మార్కెట్‌లో తెల్ల గుడ్డ థాన్ విప్పి ఉంచడానికి దుకాణదారులు ఇష్టపడరు. బిలాస్‌పూర్ రోడ్డు మీద ఉత్తరానికి వెళితే సిల్తరా, ఇంకో పక్క ఉర్లా. స్పాంజ్ ఐరన్ బట్టీలు, రోలింగ్ మిల్లులు, వాటి కోసం కట్టుకున్న చిన్న కరెంట్ ప్లాంట్లు. తెల్లవారి డాబా మీద అరచెయ్యి పెడితే నల్లగా అవుతుంది. ఆ నలుపు ఎక్కడిదో ఈ ఊరి పిల్లలకి కూడా తెలుసు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన పట్టికలో రాయపూర్ పి.ఎం. 2.5 సంవత్సర సగటు 144 మైక్రోగ్రాములు, ప్రపంచంలో ఏడవ స్థానం. మన దేశ ప్రమాణం 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన ప్రమాణం 5. ఆ తరువాతి ఏళ్ళలో వచ్చిన అధికారిక అంకెలు 144 కంటే బాగా తక్కువ. అయినా 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రమాణాలు అందుకోలేని నగరాల పట్టికలో రాయపూర్, భిలాయి, కోర్బా మూడూ ఉన్నాయి.

స్పాంజ్ ఐరన్ బట్టీలో జరిగేది ఇది. ఇనుప ఖనిజం, బొగ్గు, కొంత డోలమైట్ కలిపి తిరిగే పొడవాటి గొట్టపు బట్టీలో వేస్తారు. బొగ్గులోని కార్బన్ కార్బన్ మోనాక్సైడ్‌గా మారి ఖనిజంలోని ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. ఇనుము మిగులుతుంది, కార్బన్ డయాక్సైడ్ పోతుంది. సమీకరణం ప్రకారం టన్ను ఇనుముకి కావలసిన కార్బన్ 161 కిలోలే. కానీ బట్టీని వెయ్యి డిగ్రీల వేడిలో ఉంచాలి, మన బొగ్గులో నూటికి ముప్పై నలభై వంతులు బూడిదే. అందువల్ల టన్ను ఇనుముకి టన్ను పైగా బొగ్గు పడుతుంది. ఆ బూడిద, కాలని మసి, ఖనిజపు పొడి అన్నీ వేడి వాయువుతో పాటు గొట్టంలోకి వస్తాయి. దాన్ని పట్టుకోవడానికి ఇ.ఎస్.పి. అనే యంత్రం ఉంటుంది. వేల వోల్టుల విద్యుత్తుతో ధూళి కణాలకి ఆవేశం ఎక్కించి లోహపు పలకలకి అంటుకునేలా చేస్తుంది. సరిగ్గా నడిస్తే నూరు కిలోల ధూళిలో 99 కిలోలు లోపలే ఆగిపోతాయి, ఒక్క కిలో బయటకు పోతుంది. ఆపేస్తే నూరు కిలోలూ మన నెత్తి మీదే. అంటే నూరు రెట్లు. రాత్రి పూట కరెంట్ ఖర్చు మిగుల్చుకోవడానికి ఇ.ఎస్.పి.లు ఆపేస్తారన్న ఫిర్యాదు రాయపూర్ పత్రికలలో ఎన్నో ఏళ్ళ నుంచి వస్తూనే ఉంది. రాత్రే ఎందుకంటే నల్ల పొగ చీకట్లో కనిపించదు. చలికాలం రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పగలైతే పైకి పోయే ధూళి రాత్రి ఊరి మీదే పడుతుంది.

ఇప్పుడు యజ్ఞం ఎవరికి ఉపయోగమో చూడండి. మా పరిసరాలలో "పర్యావరణ శుద్ధి మహాయజ్ఞం" అని పోస్టర్ వేసారు. కింద దాతల పేర్లలో ఒక ఉక్కు వ్యాపారి పేరు పెద్ద అక్షరాలతో ఉంది. ఆ వ్యాపారి పేరు ఇక్కడ వ్రాయను, నాకు అతనితో వ్యక్తిగత తగాదా లేదు. కానీ లెక్క చూడండి. ఇ.ఎస్.పి. ఏడాది పొడవునా నడిపితే కరెంట్ బిల్లు ఏడాది పొడవునా వస్తుంది. యజ్ఞానికి ఒక్కసారి చందా ఇస్తే చాలు, పుణ్యం, పరువు, అధికారుల పరిచయం మూడూ వస్తాయి. పొగ వదిలేవాడే పొగతో శుద్ధి చేయించడం, ఆ పొగ పీల్చి దగ్గేవాళ్ళు వచ్చి దండాలు పెట్టి వెళ్ళడం! మతం మత్తుమందు అన్నది ఎవరికైనా అర్థం కాకపోతే ఒక సారి సిల్తరా రోడ్డు మీద తిరిగి రమ్మనండి.

కాషాయం కట్టినవాళ్ళ దగ్గరే మూఢ నమ్మకాలు ఉంటాయనుకోవడం కూడా పొరపాటే. సర్కారు ఫైళ్ళలో కూడా ఉంటాయి. 2015 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం థర్మల్ విద్యుత్ కేంద్రాలకి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పెట్టింది. రెండేళ్ళు గడువు ఇచ్చింది. ఆ గడువు మళ్ళీ మళ్ళీ పొడిగించి, చివరికి 2025 జూలైలో ఎక్కువ కేంద్రాలకి సల్ఫర్ తొలగించే యంత్రమే అవసరం లేదని మినహాయింపు ఇచ్చింది. వాళ్ళు చెప్పే వాదనలలో ఒకటి, మన బొగ్గులో సల్ఫర్ తక్కువ అని. సరే, అర శాతం అనుకుందాం. టన్ను బొగ్గుకి 5 కిలోల సల్ఫర్. కాలితే బరువు రెట్టింపు అయ్యి 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్. వెయ్యి మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకి సుమారు 15 వేల టన్నుల బొగ్గు తింటుంది. అంటే రోజుకి 150 టన్నుల వాయువు. కోర్బా చుట్టూ ఉన్నది ఒక్క కేంద్రం కాదు. ఆ వాయువు గాలిలో ఆక్సీకరణ చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది. ఎరువు వేసిన పొలాల నుంచి, పశువుల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్ అవుతుంది. 64 గ్రాముల వాయువు 132 గ్రాముల ఘన కణం అవుతుంది, మళ్ళీ రెట్టింపు పైన. గొట్టం దగ్గర ధూళి కొలిస్తే ఇది కనిపించదు, ఎందుకంటే అక్కడ అది ఇంకా వాయువే. వందల కిలోమీటర్ల అవతల పి.ఎం. 2.5గా ప్రత్యక్షమవుతుంది. శాతం తక్కువ కాబట్టి హాని తక్కువ అనడం నేతి లెక్కకి ఇంగ్లిష్ సూటు తొడగడమే. 2021లో ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో పెట్టిన పొగమంచు టవర్, 2025 అక్టోబర్‌లో తేమ లేని మబ్బుల మీద చల్లిన రసాయనాలు - ఇవి కూడా యజ్ఞాలే. మంత్రాలు లేవు, టెండర్లు ఉన్నాయి.

విశాఖపట్నంలో 2020 మే 7న ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీక్ అయ్యి 12 మంది చనిపోయినప్పుడు "కర్మ", "విధి" అన్న మాటలు చాలా విన్నాను. స్టైరీన్ అణువులు వేడెక్కితే ఒకదానితో ఒకటి కలిసిపోవడం మొదలుపెడతాయి. కలిసినప్పుడు ఇంకా వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా కలుస్తాయి. అందుకే ట్యాంక్‌ని చల్లగా ఉంచాలి, ఆ కలయికని ఆపే నిరోధక రసాయనం సరిపడా కలపాలి, లోపలి ఉష్ణోగ్రత పైనా కిందా కొలవాలి. లాక్‌డౌన్‌లో ట్యాంక్ నిండుగా కూర్చుంది, జాగ్రత్తలు కూర్చోలేదు. విధి అన్నది పేలవమైన ఆడిట్ రిపోర్ట్. అందులో బాధ్యుల పేరు వ్రాయవలసిన గడి ఖాళీగా ఉంటుంది.

నీటి సంగతికి వస్తే, మా ఊరి తాగు నీరు ఖారూన్ నది నుంచి వస్తుంది. ఆ నది శివ్‌నాథ్‌లో, అది మహానదిలో కలుస్తుంది. కార్తీక పున్నమికి మహాదేవ్ ఘాట్ దగ్గర వేల మంది మునుగుతారు. పారే నీటికి మైల అంటదని మన వాళ్ళ నమ్మకం. పారే నీరు తనని తాను శుభ్రం చేసుకోగలదు, కానీ దానికి ఒక బడ్జెట్ ఉంది. 30 డిగ్రీల దగ్గర లీటర్ నీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. స్నానానికి పనికి రావాలంటే కనీసం 5 మిగలాలని నిబంధన. అంటే ఖర్చు పెట్టడానికి ఉన్నది లీటర్‌కి 2.5 మిల్లీగ్రాములు. లీటర్ మురుగు నీటిలోని మలినాలను కుళ్ళబెట్టడానికి బాక్టీరియాకి సుమారు 200 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే ఒక లీటర్ మురుగుకి 80 లీటర్ల మంచి నీరు కావాలి. గాలి నుంచి కొత్త ఆక్సిజన్ కరుగుతూ ఉంటుంది కానీ మెల్లగా కరుగుతుంది. వేసవిలో ఖారూన్‌లో 80 వంతులు ఎక్కడి నుంచి వస్తాయి? గంగలో బాక్టీరియాని తినే ఫేజ్‌లు ఉన్నాయి కాబట్టి అది పాడవ్వదని ఇంకో వాదన. ఫేజ్‌లు గంగలోనే కాదు, ప్రతి మురుగు కాలువలోనూ ఉంటాయి, ఎందుకంటే వాటి ఆహారం అక్కడే ఉంది. అవి సీసాన్నీ క్రోమియంనీ తినవు. 2025 ఫిబ్రవరిలో కుంభమేళా నీటిలో మల సంబంధ బాక్టీరియా పరిమితి దాటిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గ్రీన్ ట్రిబ్యునల్‌కి చెపితే, ఉత్తర ప్రదేశ్ ముఖ్యమంత్రి అసెంబ్లీలో ఆ నీరు ఆచమనానికి కూడా పనికొస్తుందన్నారు. కొలిచినవాళ్ళ మీద కోపం! మన నల్గొండలో ఫ్లోరైడ్ వల్ల నడుములు వంగిపోయిన జనం ఎన్ని దేవుళ్ళకి మొక్కారో లెక్క లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ని అడుక్కి దించే పద్ధతి నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. నల్గొండ టెక్నిక్ అన్న పేరుతో అది ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళింది. దేవుడి పేరు ఎక్కడికీ వెళ్ళలేదు.

ఇక మన వాళ్ళతో ఒక మాట. హేతువాదులలో కూడా కొందరు వాతావరణ మార్పు అమెరికా వాళ్ళ కుట్ర అంటారు. పేద దేశాలను ఎదగనివ్వకుండా చెయ్యడానికి అల్లిన కథ అంటారు. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టుకుంటుందని యూనిస్ ఫుట్ 1856లో, టిండాల్ 1859లో ప్రయోగం చేసి చూపించారు. అర్హీనియస్ 1896లో చేత్తో లెక్క కట్టాడు. అప్పటికి మనం బ్రిటిష్ వాళ్ళ కింద ఉన్నాం, మనల్ని ఎదగనివ్వకుండా చెయ్యడానికి కొత్తగా కుట్ర అక్కర్లేదు. 1958లో హవాయి దీవిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల వంతులకి 315 వంతులు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 2024 సగటు 424. అగ్నిపర్వతాల నుంచి వచ్చిందేమో అంటారా? ఇక్కడే జంట పద్దు విధానం పనికొస్తుంది. అగ్నిపర్వతం గ్యాస్ వదిలితే గాలిలోని ఆక్సిజన్ తగ్గదు. బొగ్గు, పెట్రోల్ మండితేనే తగ్గుతుంది. రాల్ఫ్ కీలింగ్ 1989 నుంచి గాలిలో ఆక్సిజన్‌ని కొలుస్తున్నాడు, అది ఏటేటా కొద్దికొద్దిగా తగ్గుతోంది. మనం ఊపిరి ఆడక చచ్చేటంత తగ్గుదల కాదు. కానీ జమ పద్దుకి ఎదురు పద్దు దొరికింది, మంట ఎవరు పెట్టారో తేలిపోయింది. ఏటా మనుషులు వదిలేది 40 బిలియన్ టన్నుల పైనే. గాలిలో ఒక వంతు పెరగడానికి 7.8 బిలియన్ టన్నులు కావాలి. ఆ లెక్కన ఏటా 5 వంతులు పెరగాలి, పెరుగుతున్నది 2.5. మిగిలిన సగం సముద్రం, చెట్లు మింగుతున్నాయి. మింగిన సముద్రం ఆమ్లత్వం వైపు జరుగుతోంది.

భారతీయుడి తలసరి వాటా ఏడాదికి సుమారు 2 టన్నులు, అమెరికన్‌ది 14. కాబట్టి బిల్లు ఎక్కువ కట్టవలసింది వాళ్ళే అన్న వాదన నూటికి నూరు పాళ్ళు న్యాయమైనది, నేనూ అదే అంటాను. బిల్లు ఎవరు కట్టాలన్నది తగాదా. ఖర్చే జరగలేదనడం అబద్ధం. రెండిటినీ కలిపితే ఢిల్లీలో కూర్చున్న బొగ్గు వ్యాపారికి మన నోటితో మనమే ప్రచారం చేసి పెట్టినట్టు. ఎండలో స్పాంజ్ ఐరన్ బట్టీ దగ్గర పని చేసే కూలీకి తలసరి 2 టన్నుల వాటా కూడా లేదు, వడదెబ్బ మాత్రం పూర్తి వాటా.

మన సభలలో నిప్పుల మీద నడిచి చూపిస్తాం, విభూతి రాల్చి చూపిస్తాం. మంచిదే. రాజ్యాంగం 51ఎ అధికరణంలో శాస్త్రీయ దృక్పథం పెంపొందించాలన్న క్లాజుకి సరిగ్గా ముందున్న క్లాజు నదులను, అడవులను కాపాడాలన్నది. రెండూ 1976లో ఒకే సవరణతో వచ్చాయి. మనం రెండవది చదువుతాం, మొదటిది దాటేస్తాం. యజ్ఞం దగ్గరకు వెళ్ళి గొడవ చెయ్యమని నేను చెప్పడం లేదు. దాని కంటే వాళ్ళకి ఎక్కువ ఇబ్బంది కలిగించే పని ఒకటి ఉంది.

ఇ.ఎస్.పి.కి విడిగా కరెంట్ మీటర్ ఉంటే దాని రీడింగ్ రోజు వారీగా, గంటల వారీగా దొరుకుతుంది. బట్టీ ఆ రోజు ఎన్ని గంటలు నడిచిందో, ఎంత ఇనుము తీసిందో ఫ్యాక్టరీ లెక్కల పుస్తకాలలో ఉంటుంది. రెండిటినీ పక్క పక్కన పెడితే చాలు, అబద్ధం దానంతట అదే బయట పడుతుంది. బట్టీ ఇరవై నాలుగు గంటలు నడిచి, ఇ.ఎస్.పి. పధ్నాలుగు గంటలే కరెంట్ తిన్నదంటే మిగిలిన పది గంటల ధూళి ఎక్కడికి వెళ్ళిందో వివరణ అడగవచ్చు. ప్రైవేట్ ఫ్యాక్టరీ లెక్కలు మాకు ఎలా ఇస్తారు అని అడుగుతారు. 1981 వాయు కాలుష్య చట్టం 24వ సెక్షన్ ప్రకారం బోర్డు అధికారులు ఫ్యాక్టరీలోకి వెళ్ళి రికార్డులు తనిఖీ చెయ్యవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం 2(ఎఫ్) ప్రకారం, ప్రభుత్వ సంస్థ ఏదైనా చట్టం కింద ప్రైవేట్ సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా "సమాచారం"లోకే వస్తుంది. కాబట్టి ఛత్తీస్‌గఢ్ పర్యావరణ సంరక్షణ మండలికి దరఖాస్తు పెట్టి మీటర్ రీడింగులు, తనిఖీ తేదీలు, అవి పగలు చేసారా రాత్రి చేసారా అన్నది అడగవచ్చు. ఫీజు పది రూపాయలు. మొదటి సారి "సమాచారం అందుబాటులో లేదు" అని జవాబు వస్తుంది. అది కూడా పనికొచ్చే జవాబే, ఎందుకంటే తనిఖీ చెయ్యకుండానే అనుమతులు ఎలా పొడిగించారని అప్పీలులో అడగడానికి అదే కాగితం సాక్ష్యం. పటాన్‌చెరు దగ్గర, విశాఖ దగ్గర ఉన్న మిత్రులు కూడా ఇదే పని అక్కడి బోర్డుల దగ్గర చెయ్యవచ్చు. దరఖాస్తు ఎలా వ్రాయాలో కావలసినవాళ్ళు అడిగితే నమూనా వ్రాసి పంపిస్తాను.